చమురు డబ్బు ఖజానాకి చేరేలోపు

"ఆఫ్రికాలో లేనిదేముంది? బంగారం, వజ్రాలు, రాగి, చమురు అన్నీ ఉన్నాయి. నాయకులే దొంగలు, అందుకే ఆ దరిద్రం." ఆఫ్రికా ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఈ మాట వినబడుతుంది. అబద్ధమని అనను. కానీ చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఏ డబ్బు, ఏ దారిలో, ఎవరి సంతకంతో పోయిందని ఎవరూ అడగరు. అడగకపోతే దొంగ మారతాడు గానీ దారి అలాగే ఉంటుంది. నైజీరియా చమురు లెక్కలు కొంచెం దగ్గరగా చూస్తే ఈ సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2015 అధ్యక్ష ఎన్నికలో ముహమ్మదు బుహారీ గెలిచింది నిజాయితీపరుడన్న పేరు మీద. సొంతానికి తిన్నాడని ఆయన మీద రుజువైన కేసు ఒక్కటీ లేదు. చమురు శాఖను ఇంకెవరి చేతికీ పూర్తిగా ఇవ్వకుండా దాదాపు తన పాలనంతా తన దగ్గరే పెట్టుకున్నారు. ఆయన చివరి పూర్తి సంవత్సరం 2022లో, ఉక్రెయిన్ యుద్ధం పుణ్యమా అని చమురు బ్యారెల్ 100 డాలర్లు దాటింది. చమురు అమ్మే దేశాలన్నీ పండగ చేసుకున్న ఆ ఏడాదిలోనే నైజీరియా ప్రభుత్వ చమురు సంస్థ ఎన్ఎన్‌పీసీ, దేశపు ఉమ్మడి ఖాతాకి నెలల తరబడి కట్టింది సున్నా. నాయకుడు దొంగ కాదు, ధర బ్రహ్మాండంగా ఉంది, అయినా డబ్బు రాలేదు. నాయకత్వం గురించి మనం చెప్పుకునే కథలో ఈ సున్నాకి చోటు లేదు. నా వాదన దీని దగ్గరే మొదలవుతుంది.

445,000 బ్యారెళ్ళు

నైజీరియాలో చాలాకాలం చమురు తీసింది ఎక్కువగా షెల్, షెవ్రాన్ లాంటి విదేశీ కంపెనీలతో కలిసి. ప్రభుత్వం తన వాటాలో పెద్ద భాగాన్ని డబ్బుగా కాకుండా చమురుగానే తీసుకుంటుంది. దాన్ని అమ్మే పని ఎన్ఎన్‌పీసీది. దశాబ్దాలపాటు ఈ చమురుని రెండు కుప్పలు చేశారు. ఒకటి ఎగుమతి కుప్ప. రెండోది దేశంలో వాడకానికని పక్కన పెట్టినది, రోజుకి 445,000 బ్యారెళ్ళు. ఈ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. పోర్ట్ హార్కోర్ట్‌లో రెండు, వారీలో ఒకటి, కదునాలో ఒకటి ఉన్న ప్రభుత్వ రిఫైనరీలు పూర్తి స్థాయిలో నడిస్తే శుద్ధి చేయగలిగింది వరసగా 210,000, 125,000, 110,000 బ్యారెళ్ళు. కలిపితే 445,000.

ఆ రిఫైనరీలు దశాబ్దాలపాటు ఆ స్థాయిలో నడవలేదు. చాలా ఏళ్ళు అయిదో వంతు కూడా నడవలేదు. కేటాయింపు మాత్రం కాగితం మీద తగ్గలేదు. మరి మిగిలిన చమురు ఎటు వెళ్ళింది? బయటి దేశాలకే వెళ్ళింది. కొంత నేరుగా అమ్మేశారు, కొంత వ్యాపారులకిచ్చి బదులుగా పెట్రోలు, కిరోసిను తీసుకున్నారు. బ్యారెల్ 100 డాలర్లు ఉన్న రోజుల్లో ఈ రెండో కుప్ప విలువ రోజుకి 4.45 కోట్ల డాలర్లు, ఏడాదికి 1,600 కోట్ల డాలర్లకి పైమాట.

ఎగుమతి కుప్ప డబ్బు డాలర్లలో, కేంద్ర బ్యాంకు చూసే ఖాతాలోకి వచ్చేది. రెండో కుప్ప కథ వేరు. దాన్ని ఎన్ఎన్‌పీసీ ప్రభుత్వం దగ్గర తనే కొన్నట్టు రాసుకునేది. కట్టడానికి 90 రోజుల గడువు. కట్టేది ఆ దేశపు కరెన్సీ నైరాల్లో. డాలరుకి ఏ రేటు పట్టుకోవాలన్న దగ్గర ఒక సందు. పెట్రోలు సబ్సిడీకి ఇంత, పైపులైను మరమ్మతుకి ఇంత, దారిలో పోయిన చమురుకి ఇంత అని ముందే పట్టుకుని, మిగిలింది కట్టడం ఇంకో సందు. మన ఊళ్ళలో ధాన్యం అమ్మిపెట్టే గుమస్తా ఇలాగే చేస్తే ఏమంటాం? ధాన్యం తనే కొన్నట్టు రాసుకుంటాడు, మూడు నెలలాగి కడతానంటాడు, మిల్లు ఆడటం లేదని బయటి షావుకారుకి అమ్మేస్తాడు, బండికీ బస్తాలకీ ఎలకలు తిన్నదానికీ తన లెక్క ప్రకారం పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. ఆ గుమస్తా గుణగణాలు చర్చిస్తూ కూర్చోం, ముందు ఆ ఏర్పాటు మారుస్తాం.

చట్టం మాటేమిటంటే, 1999 రాజ్యాంగం 162వ సెక్షన్ ప్రకారం దేశపు ఆదాయమంతా ఫెడరేషన్ ఖాతాలో, అంటే పైన చెప్పిన ఉమ్మడి ఖాతాలో పడాలి. కేంద్రం, 36 రాష్ట్రాలు, 774 స్థానిక ప్రభుత్వాలు పంచుకునేది అందులోంచే. ఎన్ఎన్‌పీసీని పుట్టించిన 1977 చట్టం మాత్రం సంస్థ తన ఖర్చులు తన రాబడి నుంచి తీసుకోవచ్చంది. రెండిటికీ మధ్య ఉన్న ఈ ఖాళీలో నలభై ఏళ్ళు గడిచిపోయాయి.

సనూసీ ఉత్తరం

2013 సెప్టెంబరులో కేంద్ర బ్యాంకు గవర్నరు సనూసీ లమీదో సనూసీ, అధ్యక్షుడు గుడ్‌లక్ జోనథన్‌కి ఒక ఉత్తరం రాశారు. 2012 జనవరి నుంచి 2013 జులై దాకా, అంటే 19 నెలల్లో, ఎన్ఎన్‌పీసీ ఓడలకి ఎత్తిన చమురు విలువలో 4,980 కోట్ల డాలర్లు ఖాతాకి చేరలేదన్నది దాని సారాంశం. ఉత్తరం బయటకి పొక్కాక అందరూ కలిసి లెక్కలు సరిచూసుకున్నారు. పన్నుల శాఖ తరఫునా ఇతరుల తరఫునా ఎత్తిన సరుకు కూడా అందులో ఉందని తేలి అంకె తగ్గింది. చివరికి 2014 ఫిబ్రవరిలో సనూసీ సెనేట్ ముందు నిలబడి, లెక్క తేలనిది 2,000 కోట్ల డాలర్లన్నారు. అదే నెల 20న ఆయన్ని సస్పెండ్ చేశారు.

తరవాత ప్రభుత్వమే పీడబ్ల్యూసీ అన్న ఆడిట్ సంస్థ చేత తనిఖీ చేయించింది. ఆ నివేదిక ప్రకారం 19 నెలల అమ్మకాల మొత్తం 6,934 కోట్ల డాలర్లు, ఖాతాకి చేరింది 5,081 కోట్లు. ఎన్ఎన్‌పీసీ తిరిగి కట్టాల్సింది కనీసం 148 కోట్లని తేల్చారు. సనూసీని వెక్కిరించడానికి ఈ 148నే చాలామంది వాడుకున్నారు. "రెండు వేల కోట్లన్నాడు, తేలింది ఇంతే కదా" అని.

నాకైతే భయం పుట్టించేది ఆ మధ్యలో ఉన్న సొమ్మే. ఆరువేల తొమ్మిది వందల కోట్లకీ అయిదు వేల కోట్లకీ నడుమ ఉన్నది పోయినట్టు కాదు, ఖర్చయినట్టు. ఎవరు మంజూరు చేశారు? సంస్థే. పార్లమెంటు బడ్జెట్‌లో ఉందా? లేదు. సంస్థకి హద్దూ అదుపూ లేని ఖాళీ చెక్కు చేతికిచ్చినట్టుందని, దేశీయ చమురు రాబడిలో 46 శాతం సంస్థ ఖర్చులకీ సబ్సిడీలకే పోయిందని, ఈ పద్ధతి నిలిచేది కాదని ఆ తనిఖీదారులే రాశారు. దొంగతనమైతే దొంగని పట్టుకోవచ్చు. ఇక్కడ రసీదులున్నాయి, సంతకాలున్నాయి, పద్దులున్నాయి. కోర్టులో నిలబెట్టడానికి మనిషి దొరకడు.

చమురు ఇచ్చి పెట్రోలు తెచ్చుకునే ఒప్పందాల్లో నష్టం ఇంకా సన్నగా దాక్కుని ఉంటుంది. ఒక బ్యారెల్ ముడిచమురుకి ఎన్ని లీటర్ల పెట్రోలు, ఎన్ని లీటర్ల డీజిలు రావాలన్నది ఒప్పందంలో ముందే రాసుకుంటారు. ఆ నిష్పత్తిని కాస్త తక్కువగా ఒప్పుకుంటే చాలు. 2015లో వచ్చిన ఒక స్వతంత్ర అధ్యయనం ఇలాంటి ఒకే ఒక్క ఒప్పందాన్ని విడదీసి చూసి, మూడు షరతుల వల్లే ఏడాదికి 38 కోట్ల డాలర్ల దాకా, బ్యారెల్‌కి 16 డాలర్ల చొప్పున నష్టం ఉండొచ్చని లెక్కగట్టింది. ఎవరూ సూట్‌కేసులు మోయలేదు. షరతులు రాసేటప్పుడే పని అయిపోయింది.

సబ్సిడీ కోసం వీధికెక్కిన జనం

2012 జనవరి 1న జోనథన్ ప్రభుత్వం పెట్రోలు సబ్సిడీ ఎత్తేసింది. లీటరు 65 నైరాల నుంచి 141కి పోయింది. దేశమంతా సమ్మె, ఊరేగింపులు. రెండు వారాల్లో ప్రభుత్వం దిగొచ్చి 97 దగ్గర ఆపింది. ఆర్థికవేత్తలు అప్పుడూ ఇప్పుడూ అనేది ఒకటే: సబ్సిడీలో పెద్ద వాటా కార్లున్నవాళ్ళకీ స్మగ్లర్లకీ పోతోంది, జనం దాన్నే కాపాడుకోవడం అమాయకత్వం.

నేనలా అనుకోను. కరెంటు ఉండదు, జనరేటరుకి పెట్రోలు పోయాలి. మంచినీళ్ళు ఉండవు, బోరు మోటారుకి పెట్రోలు పోయాలి. ఆసుపత్రి, బడి అన్నీ సొంత డబ్బుతోనే. ఆ దేశంలో పుట్టినందుకు మామూలు మనిషి చేతికి చమురు సంపద అందిన ఏకైక చోటు పెట్రోలు బంకు. ఆ ఒక్కటీ తీసేసి, మిగిలే డబ్బుతో రోడ్లు వేస్తామంటే ఎవరు నమ్ముతారు? ఏ లెక్క చూసి నమ్మాలి?

నమ్మకపోవడమే సబబని నాలుగు నెలల్లోనే తేలింది. సబ్సిడీ చెల్లింపులపై ప్రతినిధుల సభ వేసిన కమిటీ ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. 2011 బడ్జెట్‌లో సబ్సిడీకి పెట్టింది 24,500 కోట్ల నైరాలు, ఆ ఏడాది పోయింది దానికి పదింతలకి పైగా, 2,58,700 కోట్లు. తీసుకురాని పెట్రోలుకీ డబ్బు కట్టారు, ఇక్కడ దింపినట్టు చూపించి పక్కనున్న బెనిన్‌లో అమ్ముకున్నదానికీ కట్టారు. ఆ నివేదికలో ఒక పద్దు మాత్రం చదివినవాడు మరిచిపోలేడు. 2009 జనవరి 12, 13 తేదీల్లో, 24 గంటల్లో, 99.9 కోట్ల నైరాల చెల్లింపు 128 సార్లు జరిగింది. ఒక్కొక్కటీ నూరు కోట్లకి పది లక్షలు తక్కువ, ఒకే అంకె, వరసగా. ఇన్ని చెల్లింపుల్లో ఒక్కటైనా లీటర్లతో లెక్క కట్టినదైతే అంకెలు ఇంత నున్నగా రావు.

దీనికి కొసరు ఒకటుంది. ఆ కమిటీకి అధ్యక్షత వహించిన ఫరూక్ లవాన్, తప్పుచేసిన కంపెనీల జాబితాలోంచి ఒక వ్యాపారి కంపెనీ పేరు తీసేయడానికి ఆ వ్యాపారి దగ్గరే 5 లక్షల డాలర్లు తీసుకున్నారు. 2021లో కోర్టు జైలుశిక్ష వేసింది.

2023 మే 29న కొత్త అధ్యక్షుడు తినుబు ప్రమాణ స్వీకారం రోజునే సబ్సిడీ పోయిందని ప్రకటించారు. కొద్ది రోజుల్లో పెట్రోలు రెండున్నర రెట్లయింది. 2024 చివరికి ద్రవ్యోల్బణం 34 శాతం దాటింది. జనం పన్నెండేళ్ళ కింద భయపడిందే జరిగింది. త్యాగం ముందు, లెక్క తరవాత.

నా వాదనకి అడ్డొచ్చేవి

ఒకటి, అసలు నైజీరియా సంపన్న దేశమేనా? రోజుకి 15 లక్షల బ్యారెళ్ళు, బ్యారెల్ 80 డాలర్లు అనుకుందాం. రోజుకి 12 కోట్ల డాలర్లు. 22 కోట్ల జనానికి పంచితే తలకి 55 సెంట్లు, మన డబ్బులో 50 రూపాయలకి అటూ ఇటూ. ఇది తీసే ఖర్చు, కంపెనీల వాటా కూడా కలిపిన అంకె. ఒక్క పైసా పోకపోయినా చమురు ఒక్కదానితో ఆ దేశం గట్టెక్కదు. 2022లో ప్రభుత్వ గణాంక శాఖే 63 శాతం జనం, 13.3 కోట్లమంది, ఏదో ఒక రూపంలో లేమిలో ఉన్నారని చెప్పింది. అంతమంది పేదరికాన్నీ దొంగల ఖాతాలో వేయడం కుదరదు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా కొట్టేయలేను. అయితే చమురు చేసిన చెరుపు పోయిన డబ్బుతోనే కొలిచేది కాదు. సర్కారు ఖర్చు చమురుతో నడిచినంత కాలం పన్ను వసూలు చేసే శాఖని ఎవరూ పట్టించుకోలేదు, దేశాదాయంలో పన్నుల వాటా ప్రపంచంలో అట్టడుగున మిగిలింది. పన్ను కట్టనివాడికి లెక్క అడిగే నోరు రాదు, అడగనివాడికి చెప్పాలన్న బెంగ సర్కారుకి ఉండదు.

తలసరి లెక్క వేరుగా ఉన్న చోటు కూడా చూడాలి. ఈక్వటోరియల్ గినీ జనాభా ఇరవై లక్షలు కూడా లేదు, చమురు దండిగా పడింది. 1979 నుంచి ఒకడే అధ్యక్షుడు. ఆయన కొడుకు మంత్రిగా ఉన్నప్పుడు జీతం ఏడాదికి లక్ష డాలర్ల లోపు, కూడబెట్టింది 30 కోట్ల డాలర్లకి పైగా అని అమెరికా న్యాయశాఖ చెప్పింది. పారిస్ కోర్టు 2017లో దోషిగా తేల్చింది, 2021లో పై కోర్టు ఖాయం చేసింది. అక్కడ "నాయకులే దొంగలు" అన్న వాక్యం అక్షరాలా సరిపోతుంది. మధ్యలో సంస్థ, చట్టం, సందు అని వెతకనక్కర్లేదు. కాబట్టి నేను చెప్పేది ఎన్నికలు జరిగే, పత్రికలు రాసే, నాయకులు మారే దేశాలకే ఎక్కువ వర్తిస్తుందని ఒప్పుకుంటాను.

రెండో అభ్యంతరం, కొనేవాళ్ళ సంగతేమిటన్నది. ఇది న్యాయమైన ప్రశ్న. స్విట్జర్లాండ్ వ్యాపార సంస్థ గ్లెన్‌కోర్ 2022లో అమెరికా, బ్రిటన్ కోర్టుల్లో నేరం ఒప్పుకుంది. ఒక్క నైజీరియాలోనే మధ్యవర్తులకి 5.2 కోట్ల డాలర్లకి పైగా ఇచ్చింది, అందులో కొంతైనా లంచాలకేనని తెలిసే ఇచ్చింది. ఉత్తరాల్లో ఆ డబ్బుని "వార్తాపత్రికలు", "పేజీలు" అని రాసుకునేవారు. లంచం దేనికో చూడండి: ఎక్కువ ఓడలు, మంచి రకం చమురు, తమకి నచ్చిన తేదీకి సరుకు. ధర మీద ఒక్క డాలరు తగ్గించమని కూడా అడగనక్కర్లేదు. ధర పెరిగే వారం చూసి ఓడ ఎత్తుకుంటే చాలు.

ఓపీఎల్ 245 అన్న సముద్రపు చమురు బ్లాకు కథ ఇంకొకటి. 1998లో చమురు మంత్రి దాన్ ఎతేతే తన చేయి ఉన్న కంపెనీకే దాన్ని 2 కోట్ల డాలర్లకి రాసుకున్నారు. 2011లో షెల్, ఇటలీ చమురు కంపెనీ ఎని కలిసి 130 కోట్ల డాలర్లు కట్టాయి. అందులో 110 కోట్ల దాకా ఆ కంపెనీకి పోయింది. లంచం కేసులో మిలాన్ కోర్టు 2021లో అందరినీ నిర్దోషులన్నది. నాకు ఇందులో ముఖ్యం తీర్పు కాదు. ఆ సొమ్ము లండన్‌లో ఉన్న నైజీరియా ప్రభుత్వ ఖాతాలోకి వచ్చే వెళ్ళింది. పేరుకి ప్రభుత్వ ఖాతా అయితే చాలదు, అందులోంచి బయటికి వెళ్ళే చెల్లింపుని ఎవరు ఆపగలరన్నది ఉండాలి.

ఒగొనీ బావి

ఈ అంకెల మధ్య మరుగున పడకూడనిది ఒకటుంది. 2011లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ చమురు తీసే నైజర్ డెల్టాలో ఒగొనీ ప్రాంతాన్ని పరీక్షించింది. నిసిసియోకెన్ ఒగాలే అన్న ఊరి బావినీళ్ళలో బెంజీను అన్న విష రసాయనం, ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుకి 900 రెట్లు ఉంది. అక్కడ భూగర్భ జలం మీద 8 సెంటీమీటర్ల మందాన నూనె పొర తేలుతోంది. శుభ్రం చేయడానికి 25 నుంచి 30 ఏళ్ళు, మొదటి అయిదేళ్ళకే 100 కోట్ల డాలర్లు కావాలన్నారు.

ఆ బావికి దగ్గర్లో ఉన్న పైపులైను విదేశీ కంపెనీది కాదు, ఎన్ఎన్‌పీసీది. పైపులైను మరమ్మతుకని రాబడిలోంచి ఏటా ముందే పట్టుకున్న సంస్థ. ఆ పద్దుల మీద ప్రశ్న అడిగే అధికారం ఎవరికైనా ఉండి ఉంటే, ఏ ఏడాది ఏ పైపు మార్చారని ఆ ఊరివాళ్ళు అడగగలిగేవారు.

ఘానా చేసిన పని

దగ్గర్లోని ఘానాలో 2010 చివర్లో జూబిలీ క్షేత్రం నుంచి చమురు మొదలైంది. 2011లో వాళ్ళు తెచ్చిన చట్టం చూస్తే, నైజీరియాని దగ్గరుండి గమనించి రాసుకున్నట్టుంటుంది. చమురు మీద వచ్చే ప్రతి రాబడీ ముందు కేంద్ర బ్యాంకులో ఒకే నిధిలో పడాలి. ప్రభుత్వ చమురు సంస్థకైనా అందులోంచే, పార్లమెంటు ఒప్పుకున్నాకే వాటా. అంచనా రాబడిలో బడ్జెట్‌కి 70 శాతం మించకూడదు, మిగిలింది పొదుపు నిధులకి. పౌర సంఘాల ప్రతినిధులతో ఒక నిఘా కమిటీ, దాని నివేదికలు బహిరంగం.

పని చేసిందా? డబ్బు మాయం కావడం విషయంలో చాలావరకు చేసింది. ఎంత వచ్చిందో ఎంత పోయిందో ఘానావాళ్ళకి తెలుసు. కానీ ఆ డబ్బుని వందలకొద్దీ చిన్న చిన్న పనుల మీద చల్లేశారని, ఏదీ పూర్తి కావడం లేదని నిఘా కమిటీయే ఏళ్ళ తరబడి మొత్తుకుంది. చమురు చూపించి ప్రభుత్వం అప్పులు చేసింది. 2022 డిసెంబరులో విదేశీ అప్పులు చాలావాటికి చెల్లింపులు ఆపేసింది. అంటే దారి సరిచేయడం దొంగతనాన్ని ఆపుతుంది, తెలివితక్కువ ఖర్చుని ఆపదు. అక్కడ నాయకత్వం నిజంగానే లెక్కలోకి వస్తుంది. కానీ ఆ తప్పు ఎవరిదో జనానికి తెలుసు, ఓటుతో అడగగలిగారు. 2024 ఎన్నికల్లో అడిగారు కూడా.

కొత్త చట్టం, పాత అలవాటు

నైజీరియా 2021లో పెట్రోలియం చట్టం తెచ్చి, మరుసటి ఏడు ఎన్ఎన్‌పీసీని మామూలు కంపెనీగా మార్చింది. కంపెనీలతో చమురు పంచుకునే ఒప్పందాల కింద, ఖర్చులు పోను ప్రభుత్వానికొచ్చే లాభపు చమురులో 30 శాతం కొత్త ప్రాంతాల్లో చమురు వెతకడానికని అదే చట్టంలో రాసుకున్నారు. అదీ ఖాతాకి చేరేలోపే పక్కకి. చమురు ఉందో లేదో తెలియని చోట తవ్వడానికి అంత సొమ్ము బడ్జెట్ చర్చ లేకుండా ఎందుకని అడిగినవాళ్ళున్నారు, చట్టం మాత్రం అలాగే వచ్చింది. 2023లో 330 కోట్ల డాలర్ల అప్పుకి రోజుకి 90,000 బ్యారెళ్ళు తాకట్టు పెట్టారు. పోర్ట్ హార్కోర్ట్ రిఫైనరీ బాగుచేతకి 150 కోట్ల డాలర్లు మంజూరు చేశారు, 2024 నవంబరులో తెరిచారు, 2025 మేలో మళ్ళీ మూశారు.

నాకు ఆశ కనిపించేది అధ్యక్ష భవనంలో కాదు, నెలనెలా పంపకాల సమావేశంలో. కేంద్రం, రాష్ట్రాల ఆర్థికాధికారులు అక్కడ కూర్చుంటారు. ఎన్ఎన్‌పీసీ తక్కువ కడితే వాళ్ళ జీతాల చెల్లింపులే ఆగుతాయి. 2018లో ఆ సంస్థ చూపిన అంకెలు ఒప్పుకోమని సమావేశాన్నే నిలిపేశారు. కోత వల్ల నష్టపోయేవాడికి మించిన తనిఖీదారుడు దొరకడు. అయితే ఆ రాష్ట్రాల గవర్నర్లలో డెల్టా రాష్ట్రపు జేమ్స్ ఇబోరి లాంటివాళ్ళూ ఉన్నారు. లండన్ కోర్టు 2012లో ఆయనకి 13 ఏళ్ళు వేసింది. రాష్ట్రానికి చేరిన సొమ్ము ఊరికి చేరేలోపు ఇదే కథ ఇంకోసారి నడుస్తుంది. 2024 జులైలో సుప్రీంకోర్టు, స్థానిక ప్రభుత్వాల వాటా గవర్నర్ల చేతిమీదుగా కాకుండా నేరుగా వాటి ఖాతాలకే పడాలని తీర్పిచ్చింది. తీర్పు వచ్చి ఏడాది దాటినా ఆ 774 వాటాల సొమ్ము పాత దారినే వెళ్ళింది.